కత్తి నొక్కే స్విచ్

చచ్చిన పశువు రక్తంలోని ఆంత్రాక్స్ క్రిమి రెండు మూడు రోజుల్లో నశిస్తుందా, మట్టిలో చేరి దశాబ్దాలు బతుకుతుందా? జవాబులో సగమే దాని జన్యువుల్లో ఉంది. మిగతా సగం ఊళ్లో ఉంది.

రాయపూర్ నుంచి భిలాయి వెళ్లే దారిలో టాటీబంధ్ కూడలి. లారీల హోరు, ఫ్లైఓవర్ నీడలో చాయ్ బళ్లు, ఆటోవాలాల కేకలు. ఒకప్పుడిది ఊరి శివారు. 2012లో ఇక్కడ ఎయిమ్స్ మొదలయ్యాక దీని జాతకం మారిపోయింది. దేశంలో ఆ ఏడాది ప్రారంభమైన ఆరు కొత్త ఎయిమ్స్‌లలో ఇదొకటి. బస్తర్ నుంచి, సర్‌గుజా నుంచి, సరిహద్దు అవతలి ఒడిశా నుంచి రోగులు ఇక్కడే బస్సు దిగుతారు. చుట్టూ మందుల షాపులు, లాడ్జీలు, ప్రైవేటు ఆస్పత్రులు. హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా మాటల మధ్య అప్పుడప్పుడు తెలుగూ చెవిన పడుతుంది. రైల్వేలోనో, భిలాయి ఉక్కు కర్మాగారంలోనో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు.

అలాంటి ఇంటి కుర్రాడొకడు ఇక్కడి ఓ ఆస్పత్రిలో ఆపరేషన్ పరికరాలను శుద్ధి చేసే విభాగంలో టెక్నీషియన్. బంధువు ఆపరేషన్‌కు తోడుగా వెళ్లిన నాకు క్యాంటీన్లో పరిచయమయ్యాడు. విలేకరినని తెలిశాక తన పనేమిటో ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. జేబులోంచి వేలెడంత ప్లాస్టిక్ గొట్టం తీశాడు. అందులో ఒక కాగితం ముక్క, ఊదారంగు ద్రవం.

"ఈ కాగితం మీద లక్షల బాక్టీరియా ఉన్నాయన్నా. మేమే కొని తెస్తాం" అన్నాడు. సూక్ష్మజీవుల్ని చంపడమే పనిగా ఉన్న విభాగం వాటిని డబ్బిచ్చి కొనడమేమిటి? పరికరాల మూటల మధ్య ఆ గొట్టాన్ని ఉంచి ఆటోక్లేవ్‌లో పెడతారు. 121 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడి మీద, 15 నిమిషాలకు తగ్గకుండా ఉడికిస్తారు. తర్వాత గొట్టాన్ని వెచ్చగా ఉంచి చూస్తారు. ద్రవం పసుపురంగుకు తిరిగితే బాక్టీరియా బతికే ఉన్నట్టు. అంటే ఆ విడత పరికరాలేవీ ఆపరేషన్‌కు పనికిరావు. "ఇవి చచ్చాయంటే ఇంకేదీ బతికి లేనట్టే. వీటికంటే మొండి ప్రాణం లేదు" అన్నాడు.

వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట చెప్పాడు. వాళ్ల అమ్మమ్మగారి ఊరు సాలూరు దగ్గర. మందలో మేక ఉన్నట్టుండి కూలిపోయి, ముక్కులోంచి నల్లటి రక్తం కారితే తాత దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదట. "దొమ్మ తగిలిన జీవం, కత్తి పెట్టొద్దు అనేవోడన్నా. తినొద్దంటే అర్థముంది. కత్తి పెట్టొద్దనడం ఏంటి?"

ఆ ప్రశ్న నన్ను రాయపూర్ దాకా వెంటాడింది. దొమ్మ అంటే ఆంత్రాక్స్. తాత మాటకు కారణం ఆ కుర్రాడి చేతిలోని గొట్టంలోనే ఉంది.

ఆకలికి కట్టిన కోట

గొట్టంలోని బాక్టీరియా మామూలు స్థితిలో లేదు. సిద్ధబీజం రూపంలో ఉంది. ఆస్పత్రి భాషలో స్పోర్. శిలీంధ్రాలు సంతానం కోసం వెదజల్లే సిద్ధబీజాలు వేరు, ఇవి వేరు. ఇక్కడ ఒక కణం నుంచి ఒక్క సిద్ధబీజమే పుడుతుంది. సంఖ్య పెరగదు. ఇది బతికి బట్టకట్టడానికి వేసిన ఎత్తు. లోపల నీరు బాగా తగ్గిపోతుంది. కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం పొడి బరువులో పదో వంతు దాకా చేరుతుంది. డీఎన్ఏను ప్రత్యేకమైన ప్రొటీన్లు చుట్టేస్తాయి. పైన పొరల మీద పొరలు. తిండి లేదు, ఎదుగుదల లేదు. మరిగే నీళ్లకు చావదు. చేతికి రాసుకునే ఆల్కహాలుకు లొంగదు. యాంటీబయాటిక్ మందులు పెరుగుతున్న కణాన్నే చంపగలవు గనక నిద్రలో ఉన్న దీన్ని ఏమీ చేయలేవు.

ఈ విద్య బాక్టీరియా అన్నింటికీ రాదు. ప్రధానంగా బాసిల్లస్, క్లాస్ట్రీడియం, వాటి దగ్గరి చుట్టాలకే వచ్చు. కానీ ఆ చుట్టాల జాబితా చిన్నదేమీ కాదు. ధనుర్వాతం తెచ్చేది, డబ్బా తిండిని విషం చేసేది, పశువులకు జబ్బవాపు తెచ్చేది, రాత్రంతా బయట వదిలేసిన అన్నంలో పెరిగి వాంతులు చేయించేది, అన్నీ ఈ వంశంవే. మేకను కూల్చిన దొమ్మ కూడా.

ఈ సంగతి బయటపడి నూట యాభై ఏళ్లయింది. 1876లో ఫెర్డినాండ్ కోన్ గడ్డి కషాయంలో పెరిగే బాసిల్లస్ సబ్టిలిస్ అనే సాధు బాక్టీరియాలో సిద్ధబీజాలను గుర్తించాడు. అదే ఏడాది వోల్‌స్టైన్ అనే చిన్న పట్నంలో ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న రాబర్ట్ కాక్, ఎద్దు కంటిలోని ద్రవపు చుక్కలో ఆంత్రాక్స్ క్రిములను పెంచి, అవి పొడవాటి పోగులుగా సాగి, వాటిలో ముత్యాల్లా సిద్ధబీజాలు కట్టడం కళ్లారా చూశాడు. పచ్చిక బయళ్లలో ఏళ్ల తర్వాత కూడా రోగం ఎందుకు తిరగబెడుతుందో అప్పుడు తేలింది. అవి ఎప్పుడు కడతాయో కూడా ఆయన గమనించాడు. తగినంత వెచ్చదనం, తేమ, వాటితోపాటు గాలి ఉండాలి.

గాలి. ఆ ఒక్క మాట దగ్గర వేలు పెట్టి ఉంచండి. మళ్లీ అక్కడికే రావాలి.

ఫైలు కదిలే తీరు

సిద్ధబీజం కట్టడం బాక్టీరియాకు తేలికైన నిర్ణయం కాదు. ప్రయోగశాలలో ఏడెనిమిది గంటలు పడుతుంది. ఓ మజిలీ దాటాక వెనక్కి తిరగడానికి వీల్లేదు. మధ్యలో తిండి దొరికినా ఆగదు. అందుకే బాసిల్లస్ సబ్టిలిస్ ముందు మిగతా దారులన్నీ వెతుకుతుంది. ఈదుకుంటూ వేరే చోటికి పోవాలని చూస్తుంది. చుట్టూ ఉన్నదాన్ని అరిగించే ఎంజైములు వదులుతుంది. ఆఖరికి తోబుట్టువుల్ని కూడా చంపి తింటుంది. నిర్ణయాన్ని కొంతసేపు వాయిదా వేయడానికే ఈ ఘోరమని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2003లో చూపించారు.

ఏ దారీ లేదని తేలాక కూడా ఒక్క ఉత్తర్వుతో పని జరగదు. రాజనీతి శాస్త్రం చదువుకున్న నాకు ఇక్కడ సచివాలయం గుర్తొస్తుంది. కణంలో కైనేజులనే కాపలా ప్రొటీన్లున్నాయి. కష్టకాలపు సంకేతం తగలగానే అవి తమకు తామే ఓ ఫాస్ఫేటు ముక్క తగిలించుకుంటాయి. ఆ ముక్కను స్పో-జీరో-ఎఫ్ అనే ప్రొటీన్‌కు అందిస్తాయి. అది స్పో-జీరో-బికి, అది చివరికి స్పో-జీరో-ఏకి. కాలిఫోర్నియాలో జేమ్స్ హోక్ బృందం 1991లో ఈ చేతిమార్పిడి గుట్టు విప్పింది. దారిలో ప్రతి బల్ల దగ్గరా అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. ఫాస్ఫేటును ఊడబీకే ప్రొటీన్లవి. తిండి ఇంకా ఉందనో, డీఎన్ఏ నకలు పూర్తి కాలేదనో తెలిస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

ఆటంకాలన్నీ దాటి తగినంత ఫాస్ఫేటు చేరితేనే స్పో-జీరో-ఏ రంగంలోకి దిగుతుంది. ఈ వ్యవహారానికి సర్వాధికారి అదే. నాలుగు వేలకు పైబడ్డ జన్యువుల్లో 121 నేరుగా దాని అదుపులో ఉన్నాయని 2003 నాటి అధ్యయనం లెక్కతేల్చింది. కొన్నింటిని అది తెరుస్తుంది, కొన్నింటిని మూస్తుంది. వాటి ద్వారా మరికొన్ని వందల జన్యువులు కదులుతాయి.

అప్పుడు కణం మధ్యలో కాకుండా ఓ కొసన గోడ కట్టుకుంటుంది. ఒకవైపు చిన్న గది, మరోవైపు పెద్ద గది. రెండింటిలోనూ ఉన్నది ఒకే జన్యు గ్రంథం. కానీ రెండూ వేర్వేరు పేజీలు చదువుతాయి. ఏ పేజీ చదవాలో చూపించే వేళ్లలాంటివి సిగ్మా ప్రొటీన్లు. ఈ పని కోసమే ప్రత్యేకంగా తయారయ్యే సిగ్మాను 1981లో హార్వర్డ్‌లో రిచర్డ్ లోసిక్ బృందం కనిపెట్టింది. మొదట చిన్న గదిలో సిగ్మా-ఎఫ్ లేస్తుంది. అది కబురు పంపితేనే పెద్ద గదిలో సిగ్మా-ఈ లేస్తుంది. పెద్దది చిన్నదాన్ని కడుపులోకి తీసుకుంటుంది. ఆ పని ముగిశాకే లోపల సిగ్మా-జి. అక్కడినుంచి మళ్లీ కబురొస్తేనే బయట సిగ్మా-కె. నీ పని అయ్యాకే నా పని అన్న ఒప్పందమిది. ఒక్కరు తొందరపడినా కోట బీటలు వారుతుంది.

చివరికి పెద్ద గది, అంటే తల్లి కణం, పగిలి చచ్చిపోతుంది. సిద్ధబీజం బయటపడుతుంది.

ఆంత్రాక్స్ క్రిమిలోనూ ఉన్నది స్థూలంగా ఈ యంత్రాంగమే. దాని మీద ఇంకో తాళం కూడా ఉంది. అక్కడే తాత మాట రుజువవుతుంది.

రక్తంలో తాళం, గాలిలో తాళంచెవి

మేత మేసేటప్పుడు మట్టితోపాటు సిద్ధబీజం పశువు ఒంట్లోకి పోతుంది. లోపలి వెచ్చదనానికి, తిండికి నిద్ర లేస్తుంది. పెరుగుతుంది. శరీరంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ గనక ఏటీఎక్స్-ఏ అనే జన్యువు జోరందుకుంటుంది. విషాన్ని తయారు చేయించేది, క్రిమికి రక్షణ తొడుగు వేయించేది అదే. ఈ జన్యువుకు ఇంకో పని కూడా ఉందని టెక్సస్ శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. సిద్ధబీజాలు కట్టే ఫైలును అది తొక్కిపెడుతుంది. ఫాస్ఫేటు చేతులు మారే దారిలో అడ్డుపడే ప్రొటీన్‌ను తయారు చేయించి ఈ పని సాధిస్తుంది.

ఇందులో తర్కం లేకపోలేదు. పశువు ఒంట్లో తిండికి కొదవలేదు. అక్కడ సిద్ధబీజంగా మారి పడుకోవడమంటే విందులో కూర్చుని ఉపవాసం చేయడమే. పైగా గాలీ చాలదు. అందుకే బతికున్న పశువు రక్తంలో సిద్ధబీజాలు కట్టవు. ఉన్నదంతా పెరుగుతున్న క్రిమే. చనిపోయేనాటికి ఒక్కో మిల్లీలీటరు రక్తంలో కోట్ల సంఖ్యలో ఉంటుంది.

పశువు చచ్చాక రెండు దారులు. కళేబరాన్ని కదపకుండా వదిలేస్తే లోపలి ఆక్సిజన్ అయిపోతుంది. పేగుల్లోని కుళ్లుడు బాక్టీరియా విజృంభిస్తుంది. కోట కట్టుకోని ఆంత్రాక్స్ క్రిమి ఆ పోటీలో నిలవలేక కొద్ది రోజుల్లోనే నశిస్తుంది. ముక్కు, నోరు, మలద్వారం నుంచి కారిన రక్తం మాత్రమే ప్రమాదం. రెండో దారి కత్తిది. చర్మం చీలగానే గడ్డకట్టని ఆ నల్లటి రక్తం నేల మీద పారుతుంది. గాలి తగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిండి నిండుకుంటుంది. తాళం ఊడిపోతుంది. స్పో-జీరో-ఏ లేస్తుంది. గంటలు గడిచేసరికి మట్టి నిండా సిద్ధబీజాలు.

తాతకు స్పో-జీరో-ఏ తెలియదు. కానీ దాని స్విచ్ ఎక్కడుందో తెలుసు. అది కత్తి మొనలో ఉంది.

నేల మరిచిపోదు

స్విచ్ ఒకసారి పడితే ఎంతకాలం? బ్రిటన్ అనుభవం చాలు. 1942లో స్కాట్లండ్ తీరంలోని గ్రునార్డ్ దీవిలో గొర్రెలను కట్టేసి ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించారు. ఆ దీవి దాదాపు అర్ధ శతాబ్దం మనిషి అడుగుపెట్టని చోటయింది. 1986లో సముద్రపు నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్‌తో నేలంతా తడిపితే తప్ప శుద్ధి కాలేదు. 1990లో గానీ ఆంక్షలు తొలగించలేదు. రష్యాలోని యమాల్ ప్రాంతంలో 1941 తర్వాత ఆంత్రాక్స్ జాడ లేదు. ఇక రాదన్న ధీమాతో 2007లో రెయిన్‌డీర్లకు టీకాలు ఆపేశారు. 2016 ఎండాకాలంలో మంచునేల కరిగింది. రెండు వేలకు పైగా జంతువులు చచ్చాయి. 12 ఏళ్ల బాలుడు ప్రాణం కోల్పోయాడు.

అంత దూరం పోనక్కర్లేదు. రాయపూర్ నుంచి విశాఖపట్నానికి వేస్తున్న ఆరు వరుసల కొత్త రహదారి కాంకేర్, కొండగావ్ దాటి ఒడిశాలోని నబరంగ్‌పూర్, కోరాపుట్ జిల్లాల మీదుగా విజయనగరం వైపు దిగుతుంది. ఈ దారి పొడవునా ఉన్నవి కొండలు, పశువులు, పేదరికం. కోరాపుట్‌లో ఈ శతాబ్దంలో ఆంత్రాక్స్ పదేపదే తలెత్తింది. చచ్చిన పశువును కోయడం, ఆ మాంసం తినడమే ప్రధాన కారణమని దర్యాప్తులు తేల్చాయి. కొండ ఇవతల మన అరకు ప్రాంతంలోని కోడిపుంజువలసలో 2016లో గిరిజనులు ఆంత్రాక్స్ పుండ్లతో ఆస్పత్రి పాలయ్యారు. మైదానం కూడా మినహాయింపు కాదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు చచ్చిపోతే పరీక్షల్లో ఆంత్రాక్సేనని తేలింది.

మనుషుల్లో ఎక్కువగా కనిపించేది చర్మానికి వచ్చే ఆంత్రాక్స్. కోసిన చేతి మీద చిన్న పొక్కు లేచి, నొప్పి లేకుండా బొగ్గులాంటి నల్లటి పుండవుతుంది. గ్రీకులో ఆంత్రాక్స్ అంటే బొగ్గే. సకాలంలో పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులు పడితే దాదాపు అందరూ బతుకుతారు. నొప్పి లేదు కదా అని వదిలేస్తేనే ముప్పు. తిన్న మాంసం ద్వారా పేగుల్లోకి పోతే ఇంకా ప్రమాదం.

పశువులకు మంచి టీకా ఉంది. దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ 1930లలో రక్షణ తొడుగు కోల్పోయిన ఓ క్రిమి రకాన్ని వేరుచేశాడు. దాన్ని సిద్ధబీజాల రూపంలోనే సూదిమందుగా ఇస్తారు. క్రిమి మొండితనాన్నే మనం టీకా నిల్వకు వాడుకుంటున్నామన్నమాట. తమిళనాడులోని రాణిపేట సంస్థ లాంటి చోట్ల మన దేశంలోనే తయారవుతుంది. కానీ ఏడాదికోసారి వేయాలి. రోగం వచ్చిన నేల చుట్టూ ఏళ్ల తరబడి మానకుండా వేయాలి. రోగం కనిపించిన ఏడాది హడావుడిగా వేసి, కనిపించని ఏడాది మరిచిపోతే యమాల్ కథే. నేల మాత్రం మరిచిపోదు.

కత్తి ఎవరి చేతిలో ఉంది?

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది అధికారులు చెప్పే పరిష్కారం ఒక్కటే: అవగాహన. గోడపత్రికలు, దండోరా, "చచ్చిన పశువును కోయకండి". మాట నిజమే. కానీ అవతలి మనిషికి తెలియక కోస్తున్నాడనుకోవడం దగ్గరే పొరపాటు. సాలూరు తాతకు తెలుసు. కొండ మీద చాలామందికి తెలుసు. తెలిసీ ఎందుకు కోస్తారు?

మేక అంటే ఆ ఇంటికి బ్యాంకు ఖాతా. పిల్లాడి ఫీజు, విత్తనాల అప్పు, ఆస్పత్రి ఖర్చు అన్నీ దాని మీదే. ఓ ఉదయం అది చచ్చిపడి ఉంటుంది. వేల రూపాయల నష్టం కళ్లముందుంది. మాంసం ఊరికి పంచితే నాలుగు డబ్బులన్నా వస్తాయి, లేదా ఆ పూటకు కూరన్నా అవుతుంది. ప్రభుత్వం చెబుతున్నదేమిటి? ఆరడుగుల గొయ్యి నీ రెక్కలతో తవ్వు, నీ ఆస్తిని అందులో పాతిపెట్టు, మాకు కబురు చెయ్యి. బదులుగా ఏమిస్తావంటే జవాబు లేదు.

పశువుల అంటువ్యాధుల నియంత్రణకు పార్లమెంటు 2009లో చట్టం చేసింది. దాని షెడ్యూలులో ఆంత్రాక్స్ ఉంది. అనుమానం వస్తే సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిపై ఉంది. బాధ్యత ఉన్నచోట ప్రతిఫలం ఉందా? 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చంపించిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఎందుకంటే చంపింది ప్రభుత్వం. ఆంత్రాక్స్‌లో చంపేది రోగం. బీమా ఉండి, చెవికి ట్యాగు ఉంటే కొంత రావచ్చు. కొండ మీది మేకకు ట్యాగు ఎవరు వేస్తారు? నిజాయతీగా కబురు చేసినవాడు నష్టపోతాడు, గుట్టుగా కోసినవాడు కొంతైనా దక్కించుకుంటాడు. చట్టం నడిచే తీరు ఇలా ఉన్నప్పుడు తప్పును కొండవాళ్ల అలవాట్ల మీదికి నెట్టడం అన్యాయం.

మైదానంలో దీనికి ఇంకో ముఖముంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్లే పని, తోలు తీసే పని, ఆ మాంసం తినే గతి కొన్ని కులాలకే అంటగట్టిన సమాజం మనది. చచ్చిన పశువు మాంసం తినడం మానేద్దామని 1927లో మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వాన జరిగిన సభ పిలుపునిచ్చింది. అది ఆత్మగౌరవ నినాదం. ఈ క్రిమి సంగతి తెలిసిన కళ్లతో చూస్తే ప్రజారోగ్య నినాదం కూడా. ఎవరు కత్తి పట్టాలో కులం, ఎప్పుడు పట్టాలో ఆకలి నిర్ణయిస్తుంటే స్పో-జీరో-ఏను సర్వాధికారి అనడంలో అర్థం లేదు.

కాబట్టి చేయాల్సింది సులువే. అనుమానాస్పదంగా చచ్చిన పశువును కోయకుండా కబురు చేసిన ప్రతి ఇంటికీ సంత ధర ప్రకారం వారంలోగా డబ్బు చేతికి ముట్టాలి. గొయ్యి తవ్వే కూలి కూడా ప్రభుత్వమే భరించాలి. మోసం జరుగుతుందని అధికారులు అభ్యంతరం చెప్పొచ్చు. జరగొచ్చు. కళేబరాన్ని కోయనక్కర్లేకుండానే చెవి నరం నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు పలక మీద రంగేసి చూస్తే ఆంత్రాక్స్ క్రిమి జాడ తెలుస్తుంది. పరీక్షించడానికి పశువైద్యుడు ఊరికి వచ్చాడంటే అసలు లక్ష్యం అప్పటికే సగం నెరవేరినట్టు. వేరే రోగంతో చచ్చిన పది మేకలకు డబ్బిచ్చినా నష్టం లేదు. ఒక్క ఆంత్రాక్స్ కళేబరం కోతపడకుండా ఆగితే చాలు. ఆ నేల చుట్టూ దశాబ్దాలపాటు వేయాల్సిన టీకాల ఖర్చు, కట్టాల్సిన ఆస్పత్రి బిల్లులు దానికంటే ఎక్కువే.

రెండోది, ఫైలు కదలాలి. బాక్టీరియా కణంలో ఒక ప్రొటీన్ నుంచి ఇంకోదానికి ఫాస్ఫేటు చేరుతుంది. మన దగ్గర పశుసంవర్థక శాఖ నుంచి ఆరోగ్య శాఖకు కబురు చేరడమే గగనం. చాలాసార్లు మనిషి చేతి మీద నల్లపుండు కనిపించాకే ఊళ్లో పశువు చచ్చిన సంగతి బయటికొస్తుంది. అప్పటికే స్విచ్ పడిపోయింది. మనిషి, పశువు, అడవి ఆరోగ్యాన్ని ఒకే దృష్టితో చూడాలన్న ఆలోచనతో నాగపూర్‌లో జాతీయ సంస్థకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. మంచిదే. కానీ ఈ రోగాన్ని ఆపాల్సింది నాగపూర్‌లో కాదు. సాలూరు కొండ మీద మేక చచ్చిన ఉదయం, ఆ ఊరి పశుమిత్ర ఫోను చేస్తే అవతల ఎత్తేవాడుండాలి.

ఊరికి సెలవు మీద వెళ్లే ముందు ఆ టెక్నీషియన్ ఫోను చేశాడు. తాత మాటకు కారణం దొరికిందని చెప్పాను. రక్తానికి గాలి తగిలితేనే కోట కడుతుందన్న సంగతి శ్రద్ధగా విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆస్పత్రిలో ఆ గొట్టం పసుపుకు తిరిగితే మొత్తం విడత పక్కన పెట్టేస్తామన్నా. ఎన్ని వేల నష్టమైనా సరే. ఎవరూ ఏమీ అనరు, జీతం కోయరు. మా తాతకు మాత్రం ఆ మేక పోతే పోయినట్టే."

తాత అయినా కత్తి పెట్టనివ్వలేదు. ఆయన పూడ్చిన ప్రతి మేకతోనూ ఊరి నేల శుభ్రంగా మిగిలింది. ఆ ఖర్చు మాత్రం ఆయన ఒక్కడే భరించాడు.